నడుం నొప్పి అని చెప్పాను

మా ముఠాలో జబ్బు పడ్డవాడికి సగం వాటా ఇచ్చే కట్టుబాటు ఉంది. గుడివాడలో బియ్యం మిల్లులకి బస్తాలు మోసే ముఠా మాది. వారం కూలి అంతా ఒకచోట పోసి, శనివారం సాయంత్రం కాటా దగ్గర కూర్చుని సమానంగా పంచుకుంటాం. జ్వరం వచ్చినవాడికీ, కాలు విరిగినవాడికీ లేచి తిరిగేదాకా సగం వాటా ఇంటికి వెళ్తుంది. తాగి పడ్డవాడికి మాత్రం పైసా ఇవ్వం. ఆ కట్టుబాటు పెట్టిన పెద్దల్లో నేనూ ఒకణ్ణి. అది తప్పని ఇప్పటికీ అనను. నాకు వచ్చింది ఆ రెంటిలో దేని కిందికి వస్తుందో తేలక పడ్డ అవస్థే ఈ రాత. ఇప్పుడు కొంత తేరుకున్నాను. పూర్తిగా అని రాయను.

నా పేరు నాంచారయ్య. పుట్టింది దివిసీమలో, నాగాయలంక దగ్గర. పెళ్ళయ్యాక గుడివాడ వచ్చి బస్తా ఎత్తాను, జుట్టు నెరిసేదాకా దించలేదు. చదువు మనవరాలి పలక మీద నేర్చుకున్నదే, పెద్ద మాటలు రావు. మీ ఇంట్లో ఇలాంటిది జరుగుతుంటే పనికొస్తుందని రాస్తున్నాను. రాస్తుంటే నాకూ కొంచెం కుదురుగా ఉంటోంది.

రెండేళ్ళ కిందట, సార్వా కోతల తర్వాత మొదలైంది. మిల్లుల ముందు ధాన్యం లారీలు వరస కట్టిన రోజులు. నడుం పట్టేసింది. టీ తాగుతుండగా ముఠాలో ఒకడు గొట్టం బిళ్ళ ఒకటి నా చేతిలో పెట్టాడు. మావాళ్ళు దాన్ని నడుం బిళ్ళ అంటారు. వేసుకున్న కాసేపటికి నొప్పి పోయింది. నొప్పితో పాటు ఏళ్ళ తరబడి గుండెల్లో ఉన్న దిగులేదో కూడా పోయింది. కుర్రాడిలా లారీ ఎక్కి దిగాను. ఆ సాయంత్రం మా ఆవిడ కోటేశ్వరమ్మతో నవ్వుతూ కబుర్లు చెప్పానట, ఏమిటీ వేళ అని ఆమె వింతపడింది.

చీటీ అడక్కుండా ఇచ్చే మందుల షాపువాళ్ళు ఎక్కడైనా ఒకరిద్దరు ఉంటారు. ఒకటి రెండయింది. రెండు ఎన్నయ్యాయో తర్వాత నాకు నేనే చెప్పుకోవడం మానేశాను. వేసుకోని పూట ముక్కు కారేది, ఆవలింతలు ఆగేవి కావు, కాళ్ళల్లో ఎవరో కూర్చుని తాడు పేనుతున్నట్టు ఉండేది. నొప్పి కోసం వేసుకోవడం ఎప్పుడు ఆగిందో, వేసుకోకపోతే వచ్చే బాధకి భయపడి వేసుకోవడం ఎప్పుడు మొదలైందో నాకు తెలియలేదు. తెలిసే జబ్బు కాదిది.

పోయిన కార్తీకంలో మానేద్దామనుకున్నాను. మా పేటలో తాగుడు మానాలనుకున్నవాడు అయ్యప్ప మాల వేసుకుంటాడు. మెడలో మాల ఉండగా గ్లాసు పట్టుకోడు, ఇంట్లోవాళ్ళు నాలుగు రోజులు ఊపిరి పీల్చుకుంటారు, డాక్టరు ఫీజు ఉండదు. నేనూ వేసుకున్నాను. మూడోనాడు చన్నీళ్ళ స్నానం చేసి వణుకుతుంటే, అది చలి వణుకు కాదని నాకు అర్థమైంది. మాల వేసిన గురుస్వామి దగ్గరికి వెళ్ళి, నడుం నొప్పికి మందు వాడుతున్నాను, దీక్షలో వేసుకోవచ్చా అని అడిగాను. ఆయన మంచివాడు పాపం. జబ్బుకి మందు తప్పెలా అవుతుంది స్వామీ, నిక్షేపంలా వేసుకోండి అన్నాడు.

ఇంకేం కావాలి నాకు. మండలం రోజులూ మాంసం ముట్టలేదు, చెప్పులు తొడగలేదు, చాప మీద పడుకున్నాను. తెల్లారగట్ల స్నానం, పూజ, ఆ వెంటనే బిళ్ళలు. వీధిలో ఆడవాళ్ళు నాకు దణ్ణం పెట్టి వెళ్ళేవాళ్ళు. కోటేశ్వరమ్మ ఎన్నడూ లేనంత సంతోషంగా ఉండేది. మాల తీసేనాటికి, వేసుకున్ననాటి కంటే ఎక్కువ మింగుతున్నాను. దేవుడి తప్పు లేదు, గురుస్వామి తప్పూ లేదు. తాగుడుకి ఉన్న కట్టుబాటు బిళ్ళకి లేదు. బిళ్ళంటే మందేనని అందరం అనుకుంటాం. మా కొంప అక్కడే మునిగింది.

పుష్యం చివర్లో ఒక పొద్దున, లారీకి ఆనించిన బల్ల మీద బస్తాతో ఎక్కుతున్నాను. నాకు గుర్తున్నది అంతే. కళ్ళు తెరిస్తే పైన ఫ్యాను తిరుగుతోంది, పక్కన కోటేశ్వరమ్మ కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. ఫిట్స్ వచ్చి బల్ల మీంచి పడ్డానట. అది విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రి. డాక్టరు గారు నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, ఏం బిళ్ళలు వాడుతున్నావు అని కోటేశ్వరమ్మ ఎదుటే అడిగారు. ఆమెకి అలా తెలిసింది. ఆ రోజు నుంచీ నా చొక్కా జేబులు తడమడం మొదలుపెట్టింది. ఇప్పటికీ తడుముతుంది.

మాన్పించే వైద్యం ఉంది, కానీ కొన్నాళ్ళు ఇక్కడే ఉండాలి అన్నారు. ఎంతవుతుందో కౌంటరులో అమ్మాయి చెప్తే మేము రెండోసారి అడగలేదు. సర్కారు ఇచ్చిన ఆరోగ్య కార్డు చూపించాం. ఈ వైద్యానికి ఆ కార్డు ఇక్కడ చెల్లదండీ అంది ఆ అమ్మాయి, మర్యాదగానే. అప్పటికైన బిల్లు మా బావమరిది వచ్చి కట్టాడు. నాగాయలంకలో చేపల వేట వాడిది, కొత్త వలలకని దాచుకున్న డబ్బు అది. కట్టేసి నా మంచం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

“మావైపు సారా మానిపించాలంటే పడవ తాడుతో గుంజకి కట్టేస్తాం బావా. మూడ్రోజులు అరుస్తాడు, నాలుగోనాడు అన్నం అడుగుతాడు. రూపాయి ఖర్చుండదు.”

కోపంగా అనలేదు, నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వు ఇంకా గుచ్చుకుంటోంది. ఇలా కట్టేయాలనుకునేవాళ్ళు ఇంకా ఉంటారు కాబట్టి చెప్తున్నాను. ఉన్నట్టుండి ఆపేస్తే మనిషి పడే బాధ మామూలుది కాదు, ఒక్కోసారి ప్రాణం మీదికి కూడా రావచ్చని, ఇంట్లో సొంత వైద్యాలు వద్దని తర్వాత డాక్టర్లే నాకు చెప్పారు.

ఇంటికి పంపేటప్పుడు ఒక నర్సమ్మ మా వెనకే మెట్ల దాకా వచ్చింది. బందరు సర్కారు ఆసుపత్రిలో దీనికి ఓపీ ఉందమ్మా, అక్కడ పడుకోనక్కర్లేదు, మందు ఊరికే ఇస్తారు, సిగ్గుపడకుండా తీసుకెళ్ళు అని కోటేశ్వరమ్మతో చెప్పి గబగబా వెళ్ళిపోయింది. ఆమె పేరు కూడా అడగలేదు మేము.

మాఘంలో బందరు తిరగడం మొదలైంది. పొద్దున పాసింజరులో గుడ్లవల్లేరు దాకా నిలబడటమే, కాలేజీ పిల్లలు దిగాక చోటు దొరుకుతుంది. ఓపీ గది ముందు సిమెంటు బల్లలు. వాటి మీద కూర్చున్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోరు. ఒక రిటైరైన గుమాస్తా గారు తన చీటీని పేపరులో చుట్టి పట్టుకుని, నేను అడక్కుండానే “బీపీ అండీ” అన్నారు. చల్లపల్లి వైపు నుంచి ఒక ముసలామె వచ్చేది, నాట్లు వేసే మనిషి, మోకాళ్ళ నొప్పికి మొదలుపెట్టిందట. ఆమె ఏదీ దాచేది కాదు. కాళ్ళు పోయాయనుకున్నాను బాబూ, తీరా చూస్తే పోయింది బుర్ర అని అందరికీ వినపడేలా చెప్పేది. బల్ల బల్లంతా నవ్వేది, గుమాస్తా గారితో సహా. ఆమె రాని రోజు అక్కడ కూర్చోవడం కష్టంగా ఉండేది.

డాక్టరమ్మ గారికి మా కోడలి వయసుంటుంది. నాలుక కింద పెట్టుకుని కరిగేదాకా కూర్చోవలసిన చిన్న బిళ్ళ ఇచ్చారు. మొదట్లో రోజూ వచ్చి తమ ఎదుటే పెట్టుకోవాలన్నారు, కుదుటపడ్డాక ఇంటికిస్తామన్నారు. కోటేశ్వరమ్మకి ఇది నచ్చలేదు. బిళ్ళ మానడానికి ఇంకో బిళ్ళా, ఇదెక్కడి వైద్యమండీ అని మొహం మీదే అడిగేసింది. షుగరు ఉన్నాయన రోజూ మందు వేసుకుంటే చెడ్డ అలవాటంటామా అమ్మా, ఇదీ అలాంటి జబ్బేనని డాక్టరమ్మ గారు ఓపిగ్గా చెప్పారు. ఆమెకి నమ్మకం కుదరలేదు. నాకూ కుదరలేదు. కానీ కొన్నాళ్ళకి కాళ్ళల్లో తాడు పేనడం ఆగింది. ఆ మధ్యాహ్నం తిరుగు రైల్లో పెడన రాకముందే నిద్రపోయాను. గుడివాడలో ఆమె భుజం తట్టి లేపింది. ఎన్ని నెలలకో పట్టిన నిద్ర అది.

మందుకి డబ్బు తీసుకోరు. ఖర్చంతా మందు చుట్టూ ఉంటుంది. ఛార్జీలు, బయట తిండి, అన్నిటికీ మించి పోయిన కూలి. పొద్దున వెళ్ళినవాడు గుడివాడలో దిగేసరికి మధ్యాహ్నం దాటిపోతుంది, ఆ వేళప్పుడు బస్తా కింద ఎవడు నిలబెడతాడు. సర్కారు ఇచ్చే నా ముసలి పింఛను బియ్యానికీ కరెంటుకీ చాలేది. ఇంటద్దె ఉంది. కొడుకు లారీ డ్రైవరు, వాడి సంసారమే వాడికి భారం. రోజూ బందరు వెళ్తే ఇల్లు గడవదు, వెళ్ళకపోతే నేను మిగలను. మిగిలింది ముఠా ఇచ్చే జబ్బు వాటా ఒక్కటే.

సుబ్బారావు మా మేస్త్రి, నాకు వరసకి బావ. పడుచుతనం నుంచీ ఒకరి భుజానికి ఒకరం బస్తా ఎత్తుకున్నవాళ్ళం. ఇంటికి పిలిచి ఉన్నదంతా చెప్పాను. లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చి కూర్చున్నాడు.

“బిళ్ళల ఊసు అక్కడ ఎత్తకు బావా. ఎత్తావంటే అలవాటంటారు, తాగినోడి కిందకి తోసేస్తారు. బల్ల మీంచి పడ్డావా లేదా? నడుం దెబ్బ అని చెప్పు. నడుమంటే కాదనేవాడు మన ముఠాలో లేడు.”

ఫిట్స్ రావడం అందరూ చూశారు కదా అన్నాను. ఖాళీ కడుపుతో బరువెత్తితే వచ్చిందనుకుంటున్నారు, అనుకోనీ అన్నాడు.

నడుం నొప్పి ఒట్టి అబద్ధం కూడా కాదు. ముప్పై ఏళ్ళుగా నొస్తూనే ఉంది. ఆ శనివారం కాటా దగ్గర అదే చెప్పాను. ఎదురు మాట లేదు. సగం వాటా ఇంటికి రావడం మొదలైంది. అమ్మయ్య, దారి దొరికింది అనుకున్నాం ఇద్దరం.

వాటా మీద ఉన్నవాణ్ణి చూడటానికి మావాళ్ళు ఒట్టి చేతులతో రారు. ఒకడు కోడిగుడ్లు తెచ్చాడు, ఒకడు పాలు పోయించి వెళ్ళాడు. ఫాల్గుణంలో ఏసు వచ్చాడు. ముఠాలో అందరికంటే బరువు మోసేవాడు, నన్ను బాబాయ్ అంటాడు. అరటిపళ్ళు కోటేశ్వరమ్మ చేతికిచ్చి, ఆమె లోపలికి వెళ్ళగానే చొక్కా లోపల నుంచి రెండు అట్టలు తీసి నా దిండు కింద పెట్టాడు. ఆ గొట్టం బిళ్ళలే.

“షాపువాడు భయపడి ఇప్పుడు ఇవ్వట్లేదు బాబాయ్. నాకోసం ఉంచుకున్నవి. నీ నడుంకి నాకంటే నీకే అవసరం.”

తన నొప్పికి దాచుకున్నది తెచ్చి ఇచ్చాడు వాడు. వద్దనాలంటే ఎందుకొద్దో చెప్పాలి. ఆ ఒక్క మాటే నేను దాచింది.

అట్టలు దిండు కింద ఒక పూట ఉన్నాయి. నాలుక కింద బిళ్ళ ఒంట్లో ఉండగా అవి వేసుకుంటే వాటి మత్తు ఏమీ ఎక్కలేదు. అక్కడైనా బుద్ధి రావాలి మనిషికి. నాకు వచ్చిన బుద్ధి ఏమిటంటే, బందరు వెళ్ళడం మానేస్తే వీటి సుఖం తెలుస్తుందని. అప్పటికి ఒక్కణ్ణే వెళ్ళి వస్తున్నాను. పొద్దున ఇంట్లోంచి బయల్దేరి, స్టేషన్లోనే కూర్చుని, మధ్యాహ్నానికి ఇంటికి వచ్చేవాణ్ణి. అట్టలు ఖాళీ అయ్యాయి. కాళ్ళల్లో తాడు మళ్ళీ మొదలైంది.

జేబులు తడిమే మనిషి దిండు తడమకుండా ఉంటుందా. ఖాళీ అట్టలు పట్టుకుని నా ముందు నిలబడింది. ఎవడిచ్చాడు అంది. చెప్పాను. వీధిలో నిలబెట్టి కడిగేస్తానని ఏసు ఇంటికి వెళ్ళింది. వెళ్ళేటప్పుడు ఉన్న గొంతు వచ్చేటప్పుడు లేదు. గుమ్మంలోనే చతికిలపడింది.

“నడుమన్నారు కదా పిన్నీ, నడుం బిళ్ళలే తెచ్చానన్నాడు. వాణ్ణేమనను? నువ్వు చెప్పిన జబ్బుకి వాడు మందు తెచ్చాడు.”

ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలగలేదు. నన్ను కొట్టినా బాగుండేది.

మర్నాడు ఇద్దరం మళ్ళీ బందరు వెళ్ళాం. ఓపీ ముందు కూర్చుంటే, తరిమేస్తారనే అనుకున్నాను. డాక్టరమ్మ గారు తరమలేదు, తిట్టనూ లేదు. మళ్ళీ మొదలుపెడదామండీ అన్నారు. ఈ జబ్బులో జారడం ఉంటుంది, జారినప్పుడు ఇక్కడికి రావడం మానెయ్యడమే అసలు ప్రమాదం అన్నారు. ఇది చదివేవాళ్ళు మిగతాదంతా మరిచిపోయినా ఆ మాట గుర్తుపెట్టుకోండి.

తిరిగి వస్తూ, శనివారం ముఠాలో నిజం చెప్పేస్తాను అన్నాను. కోటేశ్వరమ్మ కిటికీ వైపే చూస్తూ, వాటా పోతే అంది. పోతే పోనీ అనేంత గుండె నాకు లేదు. కానీ ఇంకొకడు ఇంకో అట్టతో ప్రేమగా వస్తే, ఈసారి నేను దక్కను. అదే చెప్పాను.

కూలి పంచబోయే ముందు లేచి నిలబడ్డాను. నాది నడుం కాదు, మనం టీతో పాటు మింగే ఆ బిళ్ళలే నా జబ్బు, బందరు వెళ్తున్నది అది మానడానికి అని మొదటి నుంచి చెప్పాను. సుబ్బారావు పేరు గానీ ఏసు పేరు గానీ ఎత్తలేదు. ఒకడు, మరి అది తాగుడు లాంటిదే కదా, వాటా ఎలా ఇస్తాం అన్నాడు. ఇన్నాళ్ళూ మన రెక్కల కష్టం తిన్నాడన్నాడు ఇంకొకడు. గొంతులు లేచాయి. నాకూ తిక్క రేగింది.

“జబ్బో అలవాటో మీరే తేల్చండి. కాకపోతే ఆ బిళ్ళ వేసుకోనోడే తేల్చాలి. వేసుకోనోళ్ళు చెయ్యెత్తండి.”

ముఠాలో పాతికమంది దాకా ఉంటాం. మూడు చేతులు లేచాయి. మిగతావాళ్ళు తలలు దించుకున్నారు, కొందరు బీడీలు వెతుక్కున్నారు. సుబ్బారావు వైపు చూశాను. అతని చేతులు రెండూ ఒళ్ళోనే ఉన్నాయి.

ఆ ముగ్గురూ కాటా అవతలికి వెళ్ళి మాట్లాడుకుని వచ్చారు. వాళ్ళలో పెద్దవాడు దావీదు, చర్చికి తప్ప ఎక్కడికీ వెళ్ళని మనిషి. తీర్పు అతనే చెప్పాడు.

“నడుమని తీసుకున్నదంతా మెల్లమెల్లగా తిరిగి కట్టాలి. అది అబద్ధానికిచ్చింది. వచ్చే శనివారం నుంచి సగం వాటా కొత్తగా మొదలు. అది జబ్బుకి. బందరు వెళ్ళిన వారమే వాటా, వెళ్ళని వారం లేదు.”

ఇంటికి వెళ్ళి చెప్తే, ఇంతకీ చేతికి మిగిలేదెంత అంది కోటేశ్వరమ్మ. తక్కువే. అద్దె ఇంకా వెనకబడే ఉంది. బావమరిది వలల డబ్బు తీర్చలేదు, వాడు ఫోను కూడా చెయ్యడు. ఇప్పుడు వారానికొకసారి వెళ్తున్నాను. మందు ఇంటికిస్తున్నారు, కోటేశ్వరమ్మ బియ్యం డబ్బాలో దాచి పొద్దున్నే తీసిస్తుంది. ఇంకా ఎన్నాళ్ళండీ అని అడిగితే, తొందరపడొద్దండీ అంటారు డాక్టరమ్మ గారు. బిళ్ళ గుర్తుకురాని రోజు ఇంకా ఒక్కటి కూడా రాలేదు. గుర్తొచ్చినా దాని కోసం వెళ్ళని రోజులు వస్తున్నాయి.

సుబ్బారావు సంగతి కూడా రాయాలి. రాయమని అతనే అన్నాడు. ఆ తీర్పు అయిన తర్వాతి సోమవారం గుడివాడ స్టేషన్లో కనిపించాడు. బందరులో పనుందన్నాడు. ఏం పనని నేను అడగలేదు. వేరే సీటులో కూర్చున్నాడు. కవుతరంలో లేచి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

“మొదటి రోజు ఏం అడుగుతారు బావా?”

“ఎన్ని వేసుకుంటున్నావని అడుగుతారు.”

కాసేపు వేళ్ళు మడుచుకుని, మెల్లగా ఒక లెక్క చెప్పాడు. నాకు నమ్మకం కుదరలేదు.

“చూసుకో బావా. నేను మొదటి రోజు సగమే చెప్పాను. సగానికి సరిపడా మందే ఇచ్చారు. ఆ రాత్రి ఎలా గడిచిందో కోటేశ్వరమ్మనడుగు.”

పెడన దాటాక సుబ్బారావు మళ్ళీ లెక్కపెట్టి చెప్పాడు. అది నా లెక్క కంటే పెద్దది.